మెడపట్టీ గుర్తు ఉన్న కుక్క ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – పశువైద్యుని జవాబులు

(వీధిలో జబ్బుపడి కనిపించిన కుక్కల గురించి, వాటి యజమానుల గురించి వచ్చిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాము.)

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా వీధి చివర మూతపడిన దుకాణం అరుగు మీద కొన్నాళ్లుగా ఒక కుక్క పడుకుని ఉంటోంది. లేత గోధుమరంగు, పెద్ద శరీరం, లాబ్రడార్ పోలికలు ఉన్నాయి. వీపు మీద, చెవుల దగ్గర వెంట్రుకలు రాలిపోయి చర్మం నల్లగా మందంగా తయారైంది. కళ్లలో పుసులు కడుతున్నాయి. బిస్కెట్లు వేస్తే వాసన చూసి వదిలేస్తోంది, నీళ్లు మాత్రం తాగుతోంది. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగిన గుర్తు ఉంది. ఇరుగుపొరుగు వాళ్లు పిచ్చికుక్క అంటున్నారు. నీళ్లు తాగుతోంది కదా, పిచ్చి ఎలా అవుతుందని మావారు అంటున్నారు. మా అమ్మాయేమో ఇంటికి తెచ్చేద్దామని పట్టుబడుతోంది. వైద్యం చేయించి, యజమాని ఉంటే అప్పగించాలని మా కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన సమాచారం మెడ చుట్టూ ఉన్న ఆ గుర్తే. వీధిలో పుట్టి వీధిలో పెరిగిన కుక్కకు అలాంటి గుర్తు ఉండదు. ఎవరో దానికి పట్టీ కట్టి, చాలాకాలం గొలుసుతో ఉంచారు. అంటే దానికి ఒక ఇల్లు ఉండేది, బహుశా టీకాల పుస్తకం కూడా ఉండేది. జబ్బు తగ్గాక యజమానిని వెతుకుదామని చాలామంది అనుకుంటారు. నా సలహా ఏమిటంటే, రెండు పనులూ ఒకే రోజు మొదలుపెట్టండి. దాని వయసెంత, ఏ టీకాలు పడ్డాయి, ఏ మందు పడదు, ఇంతకుముందు ఏ జబ్బు చేసింది అన్న సంగతులు తెలిసినవాడు యజమాని ఒక్కడే కనుక, అతన్ని వెతకడం కూడా వైద్యంలో భాగమే.

ముందుగా పిచ్చి సంగతి చూద్దాం. నీళ్లు తాగే కుక్కకు రేబిస్ ఉండదన్న నమ్మకం మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది, కానీ అది తప్పు. నీళ్లను చూసి బెదిరిపోవడం రేబిస్ సోకిన మనిషిలో కనిపించే లక్షణం. కుక్క గొంతు పూర్తిగా పడిపోయేదాకా నీళ్ల దగ్గరికి వెళుతూనే ఉంటుంది. పైగా రేబిస్ వచ్చిన ప్రతి కుక్కా మీదపడి కరవదు. కొన్ని మూలకు చేరి, కింది దవడ జారిపోయి, చొంగ కారుస్తూ, నిస్తేజంగా పడి ఉంటాయి. అలాంటి కుక్కను చూసి గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టిన దయగలవాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. అందువల్ల దూరం నుంచి కాసేపు నిలబడి గమనించండి. దవడ వేలాడుతోందా, మింగలేకపోతోందా, నడక తూలుతోందా, మొరుగు బొంగురుపోయిందా, కనపడిన కర్రనూ రాయినీ కొరుకుతోందా? వీటిలో ఏది కనిపించినా మీరు ముట్టుకోవద్దు, పిల్లలను ఆ వైపు పోనివ్వవద్దు, మునిసిపల్ పశువైద్య విభాగానికి వెంటనే తెలియజేయండి. మీరు రాసినదాన్ని బట్టి ఈ కుక్క వాసన చూస్తోంది, నీళ్లు తాగుతోంది. చర్మవ్యాధి, నీరసం ఉన్న కుక్క అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా ఉత్తరం చదివి రేబిస్ లేదని తేల్చి చెప్పే వైద్యుడు ఎవరూ ఉండరు; నేనూ చెప్పను. జాగ్రత్త మాత్రం రేబిస్ ఉన్న కుక్క దగ్గర పడినంతా పడండి.

దగ్గరకు వెళ్లేటప్పుడు ఎదురుగా నిలబడి తల మీద చెయ్యి పెట్టవద్దు. కొంచెం పక్కకు తిరిగి, కూర్చుని, మెల్లగా మాట్లాడండి. బిస్కెట్ ముట్టని కుక్క ఉడకబెట్టిన కోడిమాంసం వాసనకు లేచి రావచ్చు. మెడలో తాడు వేసేటప్పుడు ముడి బిగుసుకుపోకుండా ఉండాలి. దళసరి దుప్పటి మీద కప్పి ఎత్తితే కరిచే అవకాశం తగ్గుతుంది. మెత్తని చున్నీతో మూతి కట్టవచ్చు గాని, వాంతులు చేసుకుంటున్నా, ఆయాసపడుతున్నా మాత్రం కట్టకూడదు. ఎండ పొద్దున ఎట్టి పరిస్థితిలోనూ మూతి కట్టి ఆటోలో తీసుకుపోవద్దు, ఎందుకంటే కుక్క ఒంటి వేడిని ప్రధానంగా నోరు తెరిచి రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. ఈ పని మీ అమ్మాయి చేత చేయించకండి. ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి.

ఇంట్లో ఉన్న మందులేవీ ఇవ్వకండి. మనుషులు జ్వరానికి వేసుకునే పారాసెటమాల్, ఒళ్లు నొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్క కాలేయాన్నో, మూత్రపిండాలనో, కడుపునో దెబ్బతీస్తాయి. చర్మం మీద వాడిన ఇంజిన్ ఆయిలు, కిరోసిన్ పూయడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. కుక్క దాన్ని నాకుతుంది, కొంత చర్మం గుండా లోపలికి ఇంకుతుంది, గజ్జి కన్నా ముందు ఆ నూనె దాన్ని చంపుతుంది. చాలా రోజులు తిండిలేని కుక్కకు ఒక్కసారిగా పళ్లెం నిండా పెట్టడం కూడా ప్రమాదమే. మెత్తటి అన్నంలో ఉప్పూ కారం లేని మాంసం నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా, రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి. పాలు వద్దు, చాలా కుక్కలకు విరేచనాలవుతాయి. తల నిలపలేని స్థితిలో ఉన్న కుక్క నోట్లో గ్లూకోజు నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

వైద్యశాలకు వెళ్లాక మొదట జ్వరం చూడమనండి. కుక్కకు మామూలు వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, కాబట్టి మన చేతికి వెచ్చగా తగిలినంతమాత్రాన జ్వరం అనుకోనక్కరలేదు. పెదవి ఎత్తి చిగుళ్లు చూడమనండి. గులాబీ రంగు పోయి పాలిపోతే రక్తం తగ్గినట్టు, పసుపుపచ్చగా ఉంటే కామెర్లు. మీరు చెప్పిన చర్మం రెండు రకాల సూక్ష్మ పురుగుల్లో దేనివల్లనైనా కావచ్చు. విపరీతంగా గోకుతూ, చెవి అంచుల్లో, మోచేతుల దగ్గర పొక్కులు కడితే సార్కోప్టిస్ రకం గజ్జి. ఇది ఎత్తుకున్న మనుషులకూ కొన్నాళ్లు దురద పుట్టిస్తుంది. వెంట్రుకల కుదుళ్లలో ఉండే డెమోడెక్స్ రకం మనుషులకు అంటదు. చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు నోటితో ఇచ్చే మంచి మాత్రలు ఉన్నాయి. ఐవర్‌మెక్టిన్ మాత్రం జాతి తెలియని కుక్కకు డాక్టరు చూడకుండా ఇవ్వకూడదు, కోలీ వంటి జాతుల రక్తం ఉన్నవాటిలో అది మెదడుకు చేరి ప్రాణం తీయవచ్చు.

చెవుల మడతల్లో, కాలివేళ్ల మధ్య పిడుదులు ఉన్నాయేమో చూడండి. మన వాతావరణంలో ఏడాది పొడుగునా ఉండే గోధుమరంగు పిడుదు ఎర్లిఖియా, బబీసియా అనే రక్తజ్వరాలను మోసుకొస్తుంది. ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం, ముక్కు నుంచి రక్తం రావడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం దీని లక్షణాలు. ఎర్లిఖియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడతారు. మొదటి వారంలోనే కుక్క లేచి తోక ఊపుతుంది, అప్పుడే మందు ఆపేస్తారు, జబ్బు మళ్లీ లేస్తుంది. ఇక కళ్ల నుంచి, ముక్కు నుంచి చీములాంటిది కారుతూ, దగ్గు ఉండి, కాలో తలో లయగా అదురుతుంటే డిస్టెంపర్‌ను అనుమానించాలి. దానికి నేరుగా వైరస్‌ను చంపే మందు లేదు. సెలైను, ఆహారం, ఇతర సూక్ష్మజీవులు చేరకుండా మందులు, ఓపిక, ఇవే వైద్యం. టీకా పడిన కుక్కకు ఇది రావడం అరుదు కనుక, పాత టీకాల పుస్తకం ఎవరి ఇంట్లో ఉందో తెలిస్తే వైద్యుడి సగం అనుమానం తీరిపోతుంది.

ఇప్పుడు యజమాని సంగతి. కుక్కను బల్ల మీద పడుకోబెట్టినప్పుడు మెడ వెనక, రెండు భుజాల మధ్య స్కానర్‌తో ఒకసారి చూడమని అడగండి. కొన్ని కుక్కలకు అక్కడ బియ్యపుగింజంత మైక్రోచిప్ ఉంటుంది. మన దగ్గర చాలా కుక్కలకు ఉండదు గాని, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నమోదైన జాతి కుక్కలకు, విదేశాల నుంచి తెచ్చినవాటికి ఉంటుంది. స్కానర్‌లో కనిపించేది 15 అంకెల సంఖ్య మాత్రమే, యజమాని పేరు అందులో ఉండదు. ఆ సంఖ్యను నమోదు చేసిన సంస్థను అడిగి తెలుసుకోవాలి.

చిప్ లేకపోయినా కుక్క ఒళ్లే చాలా సంగతులు చెబుతుంది. గోళ్లు పొడుగ్గా వంకర తిరిగి ఉంటే ఇంటి గచ్చు మీద, గొలుసుకట్టులో ఎక్కువకాలం ఉన్నట్టు. గోళ్లు అరిగి, అరికాళ్లు గట్టిపడి పగిలి ఉంటే రోడ్డున పడి చాలాకాలమైనట్టు. మోచేతుల దగ్గర కాయలు కాస్తే సిమెంటు నేల మీద పడుకునే అలవాటు. మెడపట్టీ గుర్తు దగ్గర వెంట్రుకలు మళ్లీ మొలుస్తున్నాయా లేదా అన్నది తప్పిపోయి ఎన్నాళ్లయిందో ఉజ్జాయింపుగా చెబుతుంది. కాస్త కోలుకున్నాక 'కూర్చో', 'బైఠో', 'సిట్' అని మూడు భాషల్లోనూ అని చూడండి. దేనికి కూర్చుంటే ఆ భాష మాట్లాడే ఇల్లు. టామీ, జిమ్మీ, రాజు, స్నూపీ, బ్రూనో, రాకీ అని మన ఇళ్లలో వాడుకలో ఉన్న పేర్లు ఒక్కొక్కటీ ఒకే గొంతుతో పిలిచి, చెవి ఎప్పుడు నిక్కుతుందో చూడండి. స్కూటరు ముందు ఎక్కడానికి తయారైతే, లిఫ్టు తలుపు ముందు ఆగి నిలబడితే, గేటు గొళ్లెం చప్పుడుకు పరిగెత్తితే అవన్నీ రాసి పెట్టుకోండి.

ఫొటోల విషయంలో ఒక చిక్కు ఉంది. వెంట్రుకలు రాలి బక్కచిక్కిన ఫొటోను చూసి సొంత యజమాని కూడా తన కుక్క కాదని ముందుకు వెళ్లిపోతాడు. అతని మనసులో ఉన్నది నిగనిగలాడే కుక్క. కాబట్టి జబ్బు మార్చలేని గుర్తులను దగ్గరగా ఫొటో తీయండి: చెవి వేలాడే తీరు, తోక వంపు, ఛాతీ మీద తెల్లమచ్చ, గోళ్ల రంగు, నాలుక మీద నల్లమచ్చ, విరిగిన పన్ను, వెనక కాళ్లకు అదనపు వేలు. వీటిలో ఒకటి రెండు గుర్తులను ఎక్కడా బయటపెట్టకుండా మీ దగ్గరే ఉంచుకోండి. ఎందుకో నాలుగో ప్రశ్నకు జవాబులో చెబుతాను.

వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం సరే, అది అందరూ చేస్తారు. కుక్కలను రోజూ చూసేవాళ్లను అడగడం అంతకన్నా పనికొస్తుంది. తెల్లవారుజామున వీధులు తిరిగే పాలవాళ్లు, పేపరు కుర్రాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు, ఇస్త్రీ బండివాళ్లు, అపార్ట్‌మెంట్ కాపలాదారులు, కోడిమాంసం దుకాణాలవాళ్లు ఏ ఇంట్లో ఏ కుక్క ఉండేదో చెప్పగలరు. కుక్కల ఆహారం అమ్మే దుకాణంలో, దగ్గరలోని పశువైద్యశాలలన్నిటిలో ఫొటో అంటించండి. టీకాలు వేసిన డాక్టరు ఆ కుక్కను గుర్తుపట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. లోకల్ కేబుల్ టీవీలో అడుగున నడిచే ప్రకటన పట్టణాల్లో ఇప్పటికీ ఇంటింటికీ చేరుతుంది. పల్లెల్లో అయితే పంచాయతీ మైకు ఉండనే ఉంది. దీపావళి, పెళ్లి ఊరేగింపు, ఎన్నికల విజయోత్సవం వంటివి ఈమధ్య జరిగి ఉంటే బాణసంచాకు బెదిరి చాలా దూరం నుంచి పరిగెత్తి వచ్చి ఉండవచ్చు. అప్పుడు మీ వార్డుతో ఆగకుండా వంతెన అవతలి పేటల్లోనూ అడగాలి. కుక్క దొరికిందని పోలీస్ స్టేషనులోనూ, మునిసిపాలిటీలోనూ కాగితం రాసి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. చట్టం దృష్టిలో పెంపుడు కుక్క ఒకరి ఆస్తి. రేపు ఎవరైనా వచ్చి దొంగతనం అంటే ఆ కాగితమే మీకు రక్షణ.

ఇంట్లో ఉంచుకోవలసి వస్తే కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. మీకు వేరే కుక్క ఉంటే గిన్నెలు, గుడ్డలు, చెప్పులు కూడా వేరుగా ఉండాలి. రవాణాకు, మందుకు సాయం కావాలంటే రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు పిలిస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. అది ప్రధానంగా పాడిపశువులు, గొర్రెలు, మేకల కోసం ఏర్పడింది కనుక కుక్క అని ముందే చెప్పి, వస్తారో రారో అడగండి. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్, కోరుట్ల పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో తక్కువ ఖర్చుతో పరీక్షలు జరుగుతాయి. మీకు అందులో గన్నవరం దగ్గర.

ప్రశ్న: మేము చేరదీసిన ఆడ పొమరేనియన్‌కు పిడుదుల జ్వరం తగ్గి కోలుకుంది. తీరా యజమాని దొరికాక, వైద్యానికి ఖర్చు భరించలేక తామే బైపాస్ దగ్గర వదిలేశామని ఒప్పుకున్నారు. ఇప్పుడు బాగైంది కాబట్టి తిరిగి ఇమ్మంటున్నారు. ఇవ్వాలా? చట్టం ఏమంటుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షను ప్రకారం ఆకలి దప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరమే. అయితే ఆ చట్టం మొదటి తప్పుకు విధించే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకే. అరవై ఏళ్ల క్రితం ఆ మొత్తానికి ఎంతో కొంత విలువ ఉండేదేమో గాని, ఈరోజు పొమరేనియన్‌ను రోడ్డున వదిలే మనిషిని అది ఆపలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అందువల్ల కేసు పెడతామన్న బెదిరింపు మీద ఎక్కువ ఆధారపడకండి.

ఎందుకు వదిలేశారో పూర్తిగా వినండి. ఉద్యోగం పోయి, అద్దె ఇల్లు మారి, అడగడానికి సిగ్గుపడి వదిలినవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకు నెలకు ఎంతవుతుందో, ఏ ప్రభుత్వ వైద్యశాలలో తక్కువలో అవుతుందో చెబితే నిజంగానే బాగా చూసుకుంటారు. కుక్క వాళ్లను చూడగానే ఏడ్చినంత పని చేస్తుంది కాబట్టి ఇచ్చేయాలని మీకు అనిపిస్తుంది. కానీ కుక్క తనను కొట్టినవాళ్లను చూసి కూడా అలాగే తోక ఊపుతుంది. నేనైతే ఒక్కటే అడుగుతాను: మళ్లీ జబ్బు చేస్తే ఏం చేస్తారు? దీనికి సూటిగా జవాబు రాకపోతే ఇవ్వకపోవడమే మంచిది. అప్పుడు వాళ్ల చేతనే, ఇష్టపూర్వకంగా ఈ కుక్కను ఫలానావారికి ఇచ్చేస్తున్నామని తేదీతో సహా రాయించి, సంతకం చేయించి, టీకాల పుస్తకం తీసుకోండి. ఒప్పుకోకపోతే, వదిలేసినట్టు వాళ్లు అన్న మాటకు ఏదైనా రాతపూర్వక ఆధారం ఉంటే దానితో పోలీస్ స్టేషనుకో, జిల్లా జంతు సంక్షేమ సంఘానికో వెళ్లండి. వైద్యం ఖర్చు అడగడంలో తప్పు లేదు. రసీదులు చూపించి అడగండి. కాని ఆ డబ్బు ఇస్తేనే కుక్కను ఇస్తామన్న షరతు మాత్రం పెట్టకండి. అలా పెడితే మాట మీ మీదికి వస్తుంది.

ప్రశ్న: బీచ్ రోడ్డు దగ్గర ఒక నల్ల కుక్కకు చెవి వెనక పుండులో పురుగులు పడ్డాయి. ఒక చెవి కొస కోసి ఉంది. ఎవరైనా హింసించారా? దానికి యజమాని ఉంటాడా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: చెవి కొస కోసి ఉండటం హింస గుర్తు కాదమ్మా. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, మళ్లీ వదిలిన కుక్కను దూరం నుంచే గుర్తుపట్టడానికి మత్తులో ఉండగానే అలా చేస్తారు. 2023 మార్చిలో వచ్చిన కేంద్ర జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం అలాంటి కుక్కను పట్టిన చోటే వదలాలి. కాబట్టి దానికి ఒక మనిషి యజమాని కాకపోవచ్చు గాని, ఒక చోటు ఉంది. ఆ చుట్టుపక్కల టీ కొట్టువాళ్లను, ముంత మసాలా బండివాళ్లను అడగండి. దానికి పేరు పెట్టి పిలిచే మనిషి ఒకరు తప్పకుండా దొరుకుతారు. మందులు వేయడానికి మీకన్నా ఆ మనిషే ఎక్కువ ఉపయోగపడతారు, ఎందుకంటే వాళ్ల చేతిలో ఏది పెడితే అది తింటుంది.

పురుగుల పుండు మీద ఫినాయిలు పోయకండి. పురుగులు లోతుకు పోతాయి, కండ కాలుతుంది, నాకితే కుక్క కడుపులోకి విషం పోతుంది. పైకి రూపాయి బిళ్లంత రంధ్రం కనిపించినా లోపల అరచేతి వెడల్పున సొరంగం ఉండవచ్చు. అందుకే మత్తు ఇచ్చి, చుట్టూ వెంట్రుకలు గొరిగి, చిమటాతో ఒక్కొక్కటీ తీసి, కడిగి, మళ్లీ మర్నాడు చూడాలి. ఒక్క పురుగు మిగిలినా పని మళ్లీ మొదటికొస్తుంది. మీ ఊళ్లో విశాఖ జంతు సంరక్షణ సంఘం వంటి సంస్థలు ఉన్నాయి, హైదరాబాదులో అయితే 1992 నుంచి బ్లూ క్రాస్ ఉంది. నయమయ్యాక దాన్ని వేరే కాలనీలో మంచివాళ్లు ఉన్నారని తీసుకెళ్లి వదలకండి. అక్కడి కుక్కలు దాన్ని రానివ్వవు, అది పాత చోటుకు రావాలని రోడ్లు దాటుతూ వాహనాల కింద పడుతుంది.

ప్రశ్న: దొరికిన బీగిల్ కుక్క ఫొటో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే ఇద్దరు మాదంటే మాదని వచ్చారు. ఎలా తేల్చాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: బజారులో ధర పలికే జాతి కుక్క అయితే ఇలా జరుగుతుంది. పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్లు కూడా యజమానుల్లా వస్తారు, కాబట్టి తొందరపడకండి. మీరు ఫొటోలో చూపించని గుర్తు ఏమిటో ఇద్దరినీ విడివిడిగా అడగండి. పిల్లప్పటి నుంచి ఉన్న ఫొటోలు, టీకాల పుస్తకం, దాని మీద డాక్టరు ముద్ర, నగరపాలక సంస్థ లైసెన్సు చూపించమనండి. టీకాల పుస్తకంలో అంటించిన సీసా లేబుల్ మీద తయారీ సంఖ్య ఉంటుంది. ఆ డాక్టరుకు ఫోను చేస్తే నిమిషంలో తేలుతుంది. కుక్క ఎవరి దగ్గరకు పోయిందన్నదాన్ని ఒక్కటే రుజువుగా తీసుకోవద్దు, బీగిల్ చేతిలో తిండి ఉన్న ఎవరి దగ్గరకైనా పోతుంది. కానీ వచ్చినవారు పేరు పెట్టి, ముందు వైపు నుంచి కాకుండా వెనక నుంచి పిలిస్తే తల తిప్పుతుందా అన్నది చూడదగినదే. అప్పగించేటప్పుడు గుర్తింపు కార్డు నకలు, ఫోను నంబరు, సంతకం తీసుకోండి. నిజమైన యజమాని వీటికి ఎప్పుడూ అభ్యంతరం చెప్పడు.

ప్రశ్న: వర్షంలో తడుస్తున్న కుక్కపిల్లను ఎత్తుకున్నప్పుడు మా అబ్బాయి చేతికి పంటి గీత పడింది, రక్తం రాలేదు. చిన్న పిల్లే కదా, ఇంజెక్షన్లు అవసరమా? దాని యజమాని దొరికితే ఆగవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: అవసరం, ఈరోజే. కుక్కపిల్లకు కూడా రేబిస్ వస్తుంది. గాయాన్ని కొళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఇప్పటికే ఆలస్యమైనా కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి, కట్టు కట్టకండి. రక్తం రాని గీతకు కూడా టీకా వేయాలి, రక్తం వచ్చినా, గాయం మీదో కంట్లోనో నోట్లోనో చొంగ పడినా టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే, ముందే తయారైన ప్రతిరక్షకాల మందు) కూడా కావాలి. ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేస్తారు, ఉచితంగానే.

యజమాని దొరికి టీకాల పుస్తకం చూపించినా మొదటి సూదికి ఆగవద్దు. కుక్కపిల్లను కట్టేసి 10 రోజులు కనిపెట్టి చూడండి. అది తింటూ, ఆడుతూ ఆరోగ్యంగా ఉంటే కాటు రోజున దాని చొంగలో రేబిస్ లేనట్టే, అప్పుడు మిగిలిన సూదుల గురించి మీ డాక్టరు నిర్ణయిస్తారు. ఈలోగా పిల్లను యజమానికి ఇచ్చినా సరే, ఆ 10 రోజులూ రోజూ ఫోను చేసి ఎలా ఉందో కనుక్కోండి; దాన్ని ఎవరికీ అమ్మవద్దనీ ఊరు దాటించవద్దనీ ముందే చెప్పండి. మీ పాఠశాలలో పిల్లలు ఇలా వీధి కుక్కలను చేరదీస్తుంటే, ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో జరిగే ఉచిత రేబిస్ టీకాల శిబిరానికి ఆ కుక్కలను తీసుకువెళ్లేలా గ్రామస్థులతో మాట్లాడండి. కుక్కలతో తరచూ పని చేసే పెద్దవాళ్లు కాటు పడకముందే టీకా తీసుకోవచ్చు: మొదటి రోజు, 7వ రోజు, ఆ తరవాత 21వ లేదా 28వ రోజు. అలా తీసుకున్నవాళ్లకు రేపు కాటు పడితే రెండు సూదులతో సరిపోతుంది, ఇమ్యునోగ్లోబులిన్ అక్కరలేదు.